సర్ఫ్ క్యాంపుకి వెళ్దామనుకునే బెజవాడ, గుంటూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీలంక దక్షిణ తీరంలో వెలిగామ అనే ఊళ్ళో రెండుసార్లు, చెన్నై పక్కన కోవళంలో ఒకసారి, బోర్డు మీద నిలబడి అలల మీద జారడం నేర్పే సర్ఫ్ క్యాంపులో ఉండొచ్చాను. అప్పట్నుంచి బ్రాడీపేటలో టీ తాగుతున్నా, ఎవరి పెళ్ళి భోజనాల్లో కూర్చున్నా అవే సందేహాలు అడుగుతున్నారు. అలల గురించి అడిగేవాళ్ళు తక్కువే, మిగతా అందరి బెంగా అక్కడి మనుషుల గురించీ తిండి గురించీ సాయంత్రాల గురించీ. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి.

## బయల్దేరకముందు

అసలు సర్ఫ్ క్యాంపంటే ఏంటి? హోటల్లో రూమ్ తీసుకుని బీచ్‌లో నేర్చుకుంటే సరిపోదా?

హాస్టలూ, ట్యూషనూ, పెళ్ళివారిల్లూ ఒకే కప్పు కింద ఉంటే ఎలా ఉంటుందో క్యాంపు అలా ఉంటుంది. మామూలుగా వారం రోజుల ప్యాకేజీ. పడక, టిఫిన్, వారంలో కొన్ని రాత్రి భోజనాలు, రోజుకి ఒకటో రెండో సర్ఫ్ క్లాసులు, బోర్డు, నేర్పే మనిషి, అన్నీ అందులోనే. హోటల్లో ఉండి కూడా నేర్చుకోవచ్చు, వెలిగామ ఒడ్డున బోర్డులు గంటల లెక్కన అద్దెకిస్తారు, నేర్పేవాళ్ళూ అక్కడే దొరుకుతారు. కానీ పొద్దున పదిసార్లు పడ్డవాళ్ళు పన్నెండు మంది సాయంత్రం ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఎవరు ఎందుకు పడ్డారో చెప్పుకుంటారు చూడండి, హోటల్ గదిలో అది ఉండదు. నేను నేర్చుకున్న దాంట్లో చాలా భాగం ఆ బల్ల దగ్గర విన్నదే.

ఈత రాదు. నడుం లోతులోనే కదా నేర్పేది, వెళ్ళొచ్చా?

వెళ్ళొద్దు. ముందు ఈత నేర్చుకోండి, తర్వాత టికెట్ కొనండి. మొదటి క్లాసులు నడుం లోతులోనే జరుగుతాయి, కొన్ని చోట్ల ఈత రాకపోయినా తీసుకుంటారు కూడా. కానీ అల మిమ్మల్ని తిప్పి పడేసినప్పుడు రెండు సెకన్లు పైకీ కిందకీ తేడా తెలియదు, ఆ రెండు సెకన్లలో కంగారు పడకుండా ఉండేది నీళ్ళు అలవాటైన మనిషే. సూర్యలంకలో ట్యూబు పట్టుకుని తేలడం, ఘాట్ దగ్గర మెట్టు పట్టుకుని మునగడం ఈత కిందకి రావు. విజయవాడ వాళ్ళకి గాంధీనగర్‌లో సర్ విజ్జీ పూల్ ఉంది, గుంటూరులోనూ నేర్పేవాళ్ళు ఉన్నారు, రెండు మూడు నెలలు పొద్దున్నే వెళ్తే చాలు. ఆగకుండా ఒక వంద మీటర్లు ఈది, కాలు నేలకి తగలని చోట అయిదు నిమిషాలు తేలగలిగితే అప్పుడు బయల్దేరండి. కాలవలో నేర్చుకుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను, బందరు కాలవ నీటి లాగుడు ఎలాంటిదో మన ఊళ్ళో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఏ నెలలో వెళ్ళాలి? సంక్రాంతి సెలవులకి కుదురుతుందా?

వెలిగామకైతే నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం, సంక్రాంతి సరిగ్గా మధ్యలో పడుతుంది. ఆ నెలల్లో పొద్దున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి అలలు నున్నగా, వరసగా వస్తాయి. మే నుంచి నైరుతి రుతుపవనాల గాలి ఎదురొచ్చి నీళ్ళని చెదరగొడుతుంది, అప్పుడు శ్రీలంకలో సర్ఫ్ చేసేవాళ్ళంతా తూర్పు తీరంలో అరుగం బేకి మారిపోతారు. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ కొత్త సంవత్సరం. ఊళ్ళో దుకాణాలు మూసేస్తారు, క్యాంపులో పనిచేసేవాళ్ళు సొంతూళ్ళకి వెళ్తారు, అందుకని ఆ వారం బుక్ చేసేముందు క్లాసులు ఉన్నాయో లేదో అడగండి.

విజయవాడ నుంచి దారి ఎలా?

పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్. చెన్నై నుంచి కొలంబో విమానం గంటన్నర లోపే. పాస్‌పోర్ట్ తప్పనిసరి, వీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి శ్రీలంక ప్రభుత్వ సైట్‌లోనే చూసుకోండి, మధ్యవర్తుల మాట నమ్మొద్దు. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి వెలిగామకి రైలుంది, సుమారు మూడు గంటలు. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, చాలా దూరం పట్టాల పక్కనే సముద్రం ఉంటుంది. టైము మన టైమే, గడియారం మార్చక్కర్లేదు.

అమ్మాయిని ఒంటరిగా పంపడానికి ఇంట్లో ఒప్పుకోవట్లేదు. ఏం చెప్పాలి?

వాదించడం కంటే చూపించడం మేలు. నేను వెళ్ళినప్పుడల్లా క్యాంపులో సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్ళే, అందులో ఒంటరిగా వచ్చినవాళ్ళే ఎక్కువ. ఆడవాళ్ళకే వేరే డార్మ్ (చాలామంది కలిసి పడుకునే గది) ఉందా, గదికి లోపల గడియా సామానుకి తాళం ఉన్నాయా, రాత్రి ఎవరైనా మేనేజర్ అక్కడే ఉంటారా, ఈ మూడూ క్యాంపు వాళ్ళని రాతపూర్వకంగా అడిగి ఆ జవాబు ఇంట్లో చూపించండి. ఆడవాళ్ళు రాసిన రివ్యూలు వేరుగా వెతికి చదవండి. మా చెల్లి వెళ్ళినప్పుడు మొదటిరోజే వంటామెని వీడియో కాల్‌లో అమ్మకి చూపించింది. భాష తెలియకపోయినా ఇద్దరూ చేపల పులుసు గురించి చేతులతోనే మాట్లాడుకున్నారు, ఆ తర్వాత అమ్మ టెన్షన్ సగం తగ్గింది.

ఏం బట్టలు వేసుకోవాలి? బికినీ తప్పనిసరా?

కాదు. రాష్ గార్డు అనే ఒంటికి పట్టే పొడుగు చేతుల ఈత చొక్కా, మోకాలి దాకా లెగ్గింగ్ లేదా బోర్డు షార్ట్స్, అంతే. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు కూడా చాలామంది అవే వేస్తారు, ఎందుకంటే పొట్టా మోకాళ్ళూ బోర్డుకి రాసుకుని తోలు లేచిపోతుంది. చుడిదార్‌తో, చీరతో, కాటన్ టీషర్టుతో నీళ్ళలోకి దిగొద్దు, తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటాయి.

నాకు 46 ఏళ్ళు. అందరూ పాతికేళ్ళ పిల్లలే ఉంటారా?

ఎక్కువమంది వాళ్ళే. అయినా ప్రతి వారం నలభై, యాభై దాటినవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు, అందరికంటే బాగా నిద్రపోయి పొద్దున్నే తయారయ్యేది వాళ్ళే. పార్టీ హాస్టల్ అని ప్రకటించుకునే చోట్లు వదిలేసి, యోగా కూడా ఉన్న చిన్న క్యాంపు చూసుకోండి. మోకాలు, నడుం, గుండె సమస్యలుంటే ముందు డాక్టర్‌ని అడగాలి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు సర్ఫింగ్ అందులో కలుస్తుందో లేదో ఏ వయసువాళ్ళైనా చూసుకోవాల్సిందే.

## చేరాక మొదటి రెండు రోజులు

రోజంతా ఎలా గడుస్తుంది?

ఆటుపోట్లని బట్టి. ముందురోజు రాత్రి నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తారు, ఎవరి గ్రూపు ఎన్నింటికి అని. ఒకరోజు ఆరింటికే తీసుకెళ్తారు, ఇంకోరోజు పదింటికి. మొదటి క్లాసు అయ్యాక టిఫిన్, కాసేపు నిద్ర, సాయంత్రం ఇంకో క్లాసు లేదా థియరీ, చీకటి పడ్డాక స్నానాలు, భోజనం. తొమ్మిదిన్నరకి సగంమంది మంచాల మీద ఉంటారు. రాత్రంతా పార్టీలే అనుకుని వెళ్ళేవాళ్ళు మొదటి రెండురోజుల్లో భుజాల నొప్పులతో ఆ సంగతి మర్చిపోతారు.

నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అందరితో కలవగలనా?

కలుస్తారు. అక్కడున్న ఇటలీ, జర్మనీ, ఇజ్రాయెల్ వాళ్ళలో చాలామందికీ ఇంగ్లీషు రెండో భాషే, వాళ్ళూ మాట కోసం వెతుక్కుంటూనే మాట్లాడతారు. ఊరివాళ్ళతో అయితే మనకి ఇంకా దగ్గరి దారుంది. సింహళంలో కూడా అక్కని అక్కా అనే పిలుస్తారు, అన్నని అయ్యా అంటారు, తమ్ముణ్ణి మల్లి, చెల్లెల్ని నంగి. నేర్పే కుర్రాణ్ణి మల్లి అనీ, వంటామెని అక్కా అనీ పిలిచి చూడండి, రెండోరోజుకల్లా మీ కంచంలో ఒక ముక్క ఎక్కువ పడుతుంది. థాంక్స్‌కి ఇస్తూతి అంటే చాలు.

మేం ఆరుగురం ఫ్రెండ్స్ కలిసి వెళ్తున్నాం. ఇంకా మజా కదా?

మజానే, కానీ ఒక ప్రమాదం ఉంది, దీని గురించి నేను గట్టిగానే చెప్తాను. మనవాళ్ళు ఆరుగురు కలిస్తే ఒక మూల కూర్చుని తెలుగులో మాట్లాడుకుంటూ, ఫోన్లో పాటలు పెట్టుకుని, బయటినుంచి బిర్యానీ లాంటిదేదో తెప్పించుకుని వారం గడిపేస్తారు. నా మొదటి ట్రిప్పులో మేం నలుగురం అదే చేశాం. నాలుగోరోజు రాత్రి పక్క బల్ల దగ్గర ఒకావిడ తన ఊళ్ళో సముద్రం గడ్డకట్టడం గురించి చెప్తుంటే సగం వాక్యాలు మాకు వినపడి, మిగతా సగం వినాలని ఉన్నా లేచి వెళ్ళడానికి మొహమాటం అడ్డొచ్చింది. అప్పటికే ఎవరి గుంపు వాళ్ళకి కుదిరిపోయింది. రెండోసారి ఒక నియమం పెట్టుకున్నాం, రాత్రి భోజనానికి మాలో ఏ ఇద్దరూ పక్కపక్కన కూర్చోకూడదని. ఆ వారం పరిచయమైనవాళ్ళు ఈరోజుకీ మాతో మాట్లాడుతున్నారు.

డార్మ్‌లో పడుకోవడం కష్టమా?

అలవాటు లేకపోతే మొదటిరాత్రి కష్టమే. చెవుల్లో పెట్టుకునే దూది బిళ్ళలు, ఒక దుప్పటి, చిన్న తాళంకప్ప తీసుకెళ్ళండి. తడి బట్టలు మంచానికి ఆరేయొద్దు, గదిలో దీపం వెయ్యాల్సొస్తే ఫోన్ లైటు నేలవైపు పెట్టండి. దోమలకి ఒంటికి రాసుకునే మందు తప్పనిసరి, శ్రీలంకలో డెంగీ ఉంది.

## తిండి సంగతి

తిండి మనకి పడుతుందా? కారం ఉంటుందా?

గుంటూరు నాలుకకి కూడా పడుతుంది. క్యాంపుల్లో విదేశీయుల కోసం కారం తగ్గిస్తారు, మీరు అడిగితే వంటింట్లో వాళ్ళు తినేదే మీకు పెడతారు. అందులో లునుమిరిస్ అని ఒకటుంటుంది, ఎండుమిరపకాయలు, చిన్నుల్లిపాయలు, ఉప్పు వేసి నూరి నిమ్మకాయ పిండుతారు, నోట్లో పెట్టుకోగానే మన ఉల్లికారం గుర్తొస్తుంది. పొల్ సంబోల్ అంటే కొబ్బరి పచ్చడి లాంటిది, కానీ రుబ్బరు. మా క్యాంపు వంటామె పొద్దున్నే కొబ్బరికోరు ఉన్న పీట మీద ఒక పక్కకి కూర్చుని, చిప్పని అరచేత్తో తిప్పుతూ కోరేది. ఆ తడి కొబ్బరిలో కారం, ఉప్పు వేసి వేళ్ళతో పిసికితే ఎర్రగా తిరిగేది. ఇడియాప్పాలు, పప్పు, ఆ సంబోల్, రెండుగంటలు నీళ్ళలో ఉండొచ్చిన ఆకలి, ఇంతకంటే ఏం కావాలి. గేదె పెరుగు మీద జీలుగు బెల్లం పాకం లాంటి కితుల్ పాకం పోసి ఇస్తారు, అది మాత్రం వదలొద్దు.

నేను వెజిటేరియన్ని. ఇబ్బంది పడతానా?

అన్నం, పప్పు, వంకాయ, బెండకాయ, పనసకాయ కూరలు రోజూ దొరుకుతాయి, ఆకలితో ఉండరు. ఒక్క జాగ్రత్త. సంబోల్‌లోనూ లునుమిరిస్‌లోనూ కొన్ని కూరల్లోనూ ఉంబలకడ వేస్తారు, అంటే ఎండబెట్టిన చేపని దంచిన పొడి. పైకి కనపడదు. ‘ఫిష్ లేదా’ అంటే చేపముక్క లేదనుకుని లేదు అంటారు, అందుకని ఉంబలకడ అని పేరు పెట్టి అడగండి, మొదటిరోజే వంటింట్లో చెప్పేస్తే విడిగా తీసి పెడతారు.

ఆవకాయ, గోంగూర తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళండి, కానీ గదిలో దాచుకుని తినడానికి కాదు, బల్ల మీద పెట్టడానికి. నూనె కారకుండా రెండు కవర్లలో చుట్టి చెక్-ఇన్ సామాన్లో వేయండి. కొత్తవాళ్ళకి ముందు వేలికొసంత పెట్టి, అన్నంలో కలిపి తినాలని చెప్పండి. ఎవరూ మాట్లాడుకోని మొదటిరాత్రి బల్ల మీద ఒక గోంగూర సీసా మూత తీస్తే మాటలు వాటంతటవే మొదలవుతాయి.

## నీళ్ళలో

బోర్డు మీద నిలబడటానికి ఎన్నిరోజులు పడుతుంది?

విరిగిపోయిన నురుగు అల మీద చాలామంది మొదటి రెండురోజుల్లోనే ఒకసారైనా లేస్తారు. విరగని పచ్చటి అలని సొంతంగా అందుకోవడానికి వారం చాలకపోవచ్చు. మొదట ఇచ్చేవి ఎనిమిది తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డులు. చిన్న బోర్డు చూడ్డానికి బావుంటుందని అడగొద్దు, పెద్దదాని మీదే త్వరగా వస్తుంది.

అల ఎవరిదో ఎలా తెలుస్తుంది? మొన్నొకడు నా మీద అరిచాడు.

అల ఎక్కడ విరగడం మొదలవుతుందో, ఆ చోటికి ఎవరు దగ్గరుంటే అల వాళ్ళది. వాళ్ళు లేచి వస్తుంటే మీరు ముందు దూరకూడదు. బయటికి ఈదేటప్పుడు అల మీద వస్తున్నవాళ్ళ దారికి పక్కనుంచి వెళ్ళాలి. బోర్డుని ఎప్పుడూ గాలికి వదిలేయొద్దు, వెనకాల మనిషుంటాడు. పొరపాటైతే చెయ్యెత్తి సారీ చెప్పండి, అక్కడితో అయిపోతుంది.

నీళ్ళు లోపలికి లాగేస్తే ఏం చెయ్యాలి?

బోర్డు వదలొద్దు, ఒడ్డువైపు ఎదురీదొద్దు. రిప్ అనే ఆ ప్రవాహం సాధారణంగా సన్నటి పాయలా ఉంటుంది, అందుకే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే బయటపడతారు. అలసిపోతే బోర్డు మీద పడుకుని చెయ్యెత్తి ఊపండి. చుట్టుపక్కలకంటే అలలు తక్కువ విరుగుతూ ప్రశాంతంగా కనిపించే చోటే చాలాసార్లు రిప్ ఉంటుంది, కొత్తవాళ్ళు అదే బావుందని దిగుతారు.

తలకి కొబ్బరినూనె రాసుకుని దిగొచ్చా?

వద్దు. నూనె చేతులకంటి బోర్డు జారుతుంది. సన్‌స్క్రీన్ కూడా ముఖానికి, చెవులకి, మెడకి, కాళ్ళ వెనక్కి రాసుకుని అరచేతులు ఇసకతో తుడుచుకోండి. నూనె రాత్రికి పెట్టుకోవచ్చు, ఉప్పునీళ్ళకి జుట్టు పీచులా అవుతుంది మరి.

మన వీడియో అందరి ముందూ వేస్తారట. సిగ్గుగా ఉండదా?

మొదటి అయిదు నిమిషాలు ఉంటుంది. సాయంత్రం గోడమీద వీడియో వేసి, మీరు అల మీంచి పడటం నెమ్మదిగా చూపించి, చూపు కిందకి పోయింది, కాలు వెనక పడింది అని చెప్తారు. అక్కడ అందరూ పడ్డవాళ్ళే. ఒక నర్సు నాలుగురోజులుగా ప్రతిసారీ మోకాళ్ళ మీదే ఆగిపోయేది, అయిదోరోజు వీడియోలో ఆవిడ పూర్తిగా లేచి నిలబడగానే బల్ల దగ్గరున్నవాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. ఆవిడ ఏడ్చేసింది, నాకూ గొంతు పట్టేసింది.

## సాయంత్రాలు, వేడుకలు

సాయంత్రాలు ఏం చేస్తారు?

క్యాంపుని బట్టి ఉంటుంది. ఒకరోజు బార్బెక్యూ, ఒకరోజు వంట నేర్పడం, ఒకరోజు క్విజ్, ఒకరోజు పెరట్లో తెర కట్టి సినిమా, వారాంతంలో పక్కూరు మిరిస్సాలో బీచ్ పార్టీ. నాకన్నిటికంటే నచ్చేది ఏ కార్యక్రమమూ లేని భోజనం. ప్లేటు మీదకి వంగితే పొద్దున ముక్కులోకెళ్ళిన ఉప్పునీళ్ళు గంటల తర్వాత ధారగా కారతాయి, అక్కడున్న ప్రతివాళ్ళకీ ఇది జరుగుతుంది, నాప్కిన్ అందించేది పక్కవాళ్ళే.

నేను తాగను. ఒత్తిడి చేస్తారా?

నన్నెవరూ చెయ్యలేదు. తంబిలి అనే ఎర్ర కొబ్బరిబోండం చేతిలో పట్టుకుంటే ఎవరూ రెండోసారి అడగరు. తాగేవాళ్ళు కూడా పొద్దున క్లాసుంటే ఒకటీ రెండుతో ఆపేస్తారు, తాగిన మత్తులో నీళ్ళలోకి రానివ్వరు. గంజాయి ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు, చట్టం కఠినంగా ఉంటుంది.

పున్నమికి అన్నీ బంద్ అంటారు, నిజమేనా?

నిజమే. శ్రీలంకలో ప్రతి పున్నమీ పోయ దినం, సెలవు. ఆరోజు మద్యం అమ్మరు, చాలాచోట్ల మాంసం కూడా. పార్టీ లేదని నిరాశపడక్కర్లేదు. తెల్లబట్టలతో ఊరంతా గుడికి వెళ్తుంది, మీరూ వెళ్ళొచ్చు. భుజాలూ మోకాళ్ళూ కప్పుకోండి, చెప్పులు బయట వదలండి, బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫోటో దిగకండి, అది అక్కడ పెద్ద తప్పు.

పాట పాడమంటే, డాన్స్ చెయ్యమంటే?

రెండు లైన్లు తెలుగులో పాడండి, అర్థం ఎవరికీ తెలియదు, దరువు పట్టుకుంటారు. అక్కడి బైలా పాటలకి బల్ల మీద వేళ్ళతో దరువేస్తూ అందరూ లేస్తారు. మన ఊరేగింపుల్లో వేసే స్టెప్పులు దానికి భలే కుదురుతాయి, మా వాడొకడు మూడు దేశాలవాళ్ళకి తీన్మార్ నేర్పాడు.

క్లాసు లేనిరోజు ఎక్కడికి వెళ్ళొచ్చు?

గాలె అనే ఊళ్ళోని పాత కోట వెలిగామకి దగ్గరే, సాయంత్రం ఆ కోట గోడ మీద నడవడానికి బావుంటుంది. మిరిస్సా నుంచి నవంబర్, ఏప్రిల్ మధ్య తిమింగలాలు చూడటానికి పడవలు వెళ్తాయి, వాటిని తరమకుండా దూరంగా ఆపే పడవ ఎంచుకోండి.

## బయల్దేరేటప్పుడు, వచ్చాక

టిప్ ఇవ్వాలా?

ఇస్తే మంచిది. చాలాచోట్ల ఒక డబ్బా పెడతారు, అందరూ పంచుకుంటారు. నేర్పినవాడికి మాత్రమే చేతిలో పెట్టి వచ్చేస్తే వంటింట్లోవాళ్ళకీ గదులు ఊడ్చినవాళ్ళకీ ఏమీ అందదు, అందుకని డబ్బాలోనే వేయండి.

వచ్చాక మళ్ళీ ఎక్కడ చెయ్యాలి? ప్రతిసారీ శ్రీలంక వెళ్ళలేం కదా.

చెన్నైకి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్లలో కోవళం ఉంది. మూర్తి మేగవన్ అనే జాలరి తనంతట తాను సర్ఫ్ నేర్చుకుని ఊరి పిల్లలకీ నేర్పి అక్కడ స్కూలు పెట్టాడు, ఆ ఊరి పేరు దేశమంతా తెలిసింది ఆయన వల్లే. కర్ణాటకలో ముల్కి, కేరళలో వర్కల కూడా ఉన్నాయి, అవి మనకి దూరం. కోవళం అయితే శుక్రవారం రాత్రి రైలెక్కి శనివారం పొద్దున నీళ్ళలో ఉండొచ్చు, ఆదివారం మధ్యాహ్నం క్లాసయ్యాక బయల్దేరితే సోమవారం ఆఫీసుకి అందుకుంటారు. ఇద్దరు ముగ్గురు కలిస్తే ఖర్చు పంచుకోవచ్చు, మీ వారంలో పరిచయమైన బెంగుళూరు, చెన్నై వాళ్ళకి ముందు ఒక మెసేజ్ పెట్టండి, నేను పెట్టినప్పుడు ఎవరో ఒకరు వచ్చారు.